వంకాయ తింటే కోటినిన్ పాజిటివ్ వస్తుందా?

రోగి ఒక్క అబద్ధం చెప్పలేదు. ల్యాబ్ ఒక్క తప్పు చేయలేదు. అయినా పొగాకు ముట్టనన్న ఆమె మాటకీ, ఒంట్లో నికోటిన్ జాడ చూపిన కోటినిన్ రిపోర్టుకీ పొంతన కుదరక ఒక శస్త్రచికిత్స ఐదు వారాలు వెనక్కి జరిగింది. చిక్కు ఎక్కడుందో చివరికి ఒక చిన్న లెక్క చూపించింది. మొదటి వారంలోనే వేయదగ్గ లెక్క అది. కూరగాయల్లో, టీలో నికోటిన్ ఉంటుందన్న మాట ఇప్పుడు చాలామంది రోగుల నోట వినిపిస్తోంది. ఆ మాట నిజమే. దాని వెనక ఉన్న పరిమాణం తెలియకపోతే వైద్యుడూ రోగీ కలిసే దారి తప్పుతారు. వ్యక్తిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను.

నేపథ్యం

యాభై దాటిన మహిళ, బరువు 58 కిలోలు. ఎన్నడూ పొగ తాగలేదు, పొగాకు నమలలేదు. నడుము దగ్గర రెండు వెన్నుపూసలను కలిపి బిగించే ఫ్యూజన్ ఆపరేషన్‌కు తేదీ ఖాయమైంది. పొగ తాగేవాళ్లలో ఇలాంటి ఎముక అతుకు పడకుండా పోయే ప్రమాదం ఎక్కువ. అందుకే సర్జన్ ఈ ఆపరేషన్‌కు ముందు అందరికీ మూత్రంలో కోటినిన్ పరీక్ష చేయిస్తారు.

కోటినిన్ అంటే నికోటిన్ శరీరంలో విడిచిపెట్టే ఆనవాలు. లోపలికి వెళ్లిన నికోటిన్‌లో 70 నుంచి 80 శాతం కాలేయంలో కోటినిన్‌గా మారుతుంది. రక్తంలో నికోటిన్ సగానికి పడిపోవడానికి సుమారు 2 గంటలు చాలు, కోటినిన్‌కు 16 నుంచి 20 గంటలు పడుతుంది. ఉదయం తీసుకున్న నికోటిన్ సాయంత్రానికి రక్తంలో కనబడకపోవచ్చు గానీ కోటినిన్ మర్నాడు కూడా పట్టిస్తుంది.

ఆమె తండ్రి పార్కిన్సన్స్ (వణుకు వచ్చి, కదలికలు మందగించే మెదడు జబ్బు)తో పదేళ్లకు పైగా బాధపడి పోయారు. చివరి మూడేళ్లు ఆయనను చూసుకున్నది ఆమే. ఈ సంగతి కేసు షీటులో 'కుటుంబ చరిత్ర' గడిలో రెండు మాటల్లో ఉంది. అసలు ఈ కేసు మొత్తం ఆ రెండు మాటల మీదే నడిచింది.

కిడ్నీ, కాలేయ పరీక్షలు సరిగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ మాత్రం కాస్త తక్కువ, 10.9.

సమస్య

మూత్ర పరీక్ష పాజిటివ్. వాడినది ఇమ్యునోఎస్సే (యాంటీబాడీతో పదార్థాన్ని పట్టుకునే పరీక్ష), హద్దు మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు. ఆమె నివ్వెరపోయారు. "నేను పొగాకు ముట్టను డాక్టరు గారూ. కానీ నికోటిన్ ఉన్న కూరలు బాగా తింటాను, కావాలనే తింటాను" అన్నారు.

ఆ 'కావాలనే' వెనక చాలా సంగతి ఉంది. పొగ తాగేవాళ్లకు పార్కిన్సన్స్ తక్కువగా వస్తుందని, వంగ కుటుంబపు కూరగాయల్లోనూ నికోటిన్ ఉంటుందని, క్యాప్సికం తినేవాళ్లకు ఆ జబ్బు తక్కువని ఆమె చదివారు. ఏడాదిగా రోజూ రెండు క్యాప్సికంలు, 200 గ్రాముల వంకాయ, టమాటాలు, తొక్కతో సహా బంగాళదుంపలు తింటున్నారు. పండిన టమాటా కంటే పచ్చి టమాటాలో నికోటిన్ ఎక్కువని తెలిసి పచ్చివే ఎంచుకుంటున్నారు. టీ రోజుకు తొమ్మిది, పది కప్పులు.

ఆమె చదివినవి కల్పనలు కావు. 1993లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కొలతల్లో గ్రాము వంకాయకు 100 నానోగ్రాములు, పచ్చి టమాటాకు 42.8, పండిన టమాటాకు 4.3 నానోగ్రాముల నికోటిన్ నమోదైంది. 1999 నాటి మరో కొలతలో ఈ కుటుంబపు కూరగాయలు చాలావరకు గ్రాముకు 2 నుంచి 7 నానోగ్రాముల మధ్యే ఉన్నాయి. ఆహారం ద్వారా సగటు మనిషికి రోజుకు అందేది సుమారు 1.4 మైక్రోగ్రాములని అంచనా వేశారు. టీ మొక్క ఈ కుటుంబానిది కాకపోయినా టీ ఆకులోనూ నికోటిన్ కనిపిస్తుంది. నేలలో పడిన పొగాకు నుంచి మొక్కలు వేళ్ల ద్వారా నికోటిన్ పీల్చుకోగలవని పుదీనా మీద చేసిన ప్రయోగాల్లో తేలింది.

కాబట్టి ఆమె వాదనను కొట్టిపారేయడానికి వీల్లేదు. మిగిలింది ఒకటే ప్రశ్న: ఆ కాస్త నికోటిన్ ఈ రిపోర్టును తేగలదా?

చేసి విఫలమైనవి

మొదట అదే పరీక్ష మళ్లీ చేయించాం. మళ్లీ పాజిటివ్. దీనివల్ల తెలిసింది శూన్యం. ఇమ్యునోఎస్సే 'హద్దు దాటింది' అని చెబుతుందే గానీ ఎంత దాటిందో, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. పైగా అందులోని యాంటీబాడీ కోటినిన్‌తో పాటు దాని తర్వాతి రూపమైన హైడ్రాక్సీకోటినిన్‌ను కూడా కొంత పట్టుకుంటుంది. అదే పనిముట్టుతో మళ్లీ కొలిస్తే అదే జవాబు వస్తుంది. ఒక్క మంచి పని జరిగింది: ఈసారి రక్తం కూడా తీసి ఎల్‌సీ-ఎంఎస్ (పదార్థాలను విడదీసి ఒక్కోదాన్ని కచ్చితంగా కొలిచే) పద్ధతిలో కోటినిన్ పరిమాణం కొలవమని పంపాం. ఫలితం మిల్లీలీటరుకు 31 నానోగ్రాములు.

ఆ అంకె చేతికొచ్చిన రోజే లెక్క వేయాల్సింది. వేయలేదు. ఆమె గట్టిగా అడగడంతో, ఖర్చూ హానీ లేని ప్రయోగం కదా అనుకుని 12 రోజుల పాటు వంగ కుటుంబపు కూరలు, టీ పూర్తిగా ఆపించాం. ఇక్కడ రెండు పొరపాట్లు జరిగాయి.

హాని లేదనుకోవడం మొదటిది. పది కప్పుల టీ ఒక్కసారిగా ఆపడంతో రెండో రోజు నుంచి తలనొప్పి పట్టుకుంది. అది కెఫీన్ మానినప్పుడు వచ్చే తలనొప్పి. నడుము నొప్పి మాత్రల వల్ల ముందే ఉన్న మలబద్ధకం, తినే కూరల్లో సగం పోయేసరికి ముదిరింది. ఆపరేషన్ ముందు బరువు నిలుపుకోవాల్సిన మనిషి కిలోన్నర తగ్గారు.

రెండోది ఇంకా పెద్దది. ఆ 12 రోజుల్లో కూరలు, టీ తప్ప ఇంకేమీ మారకూడదన్న కట్టడి మేం పెట్టలేదు. 'నికోటిన్ ఉన్నవన్నీ ఆపండి' అన్న మాటను ఆమె వేరే రకంగా అర్థం చేసుకుని అసలు మూలాన్ని కూడా ఆపేసి ఉంటే కోటినిన్ పడిపోయేది. నేరం వంకాయ మీద పడేది. ఆ తప్పు నిర్ధారణ ఆమె ఫైలులో శాశ్వతంగా ఉండిపోయేది. కూరగాయల వల్ల కోటినిన్ పాజిటివ్ వచ్చిందని చెప్పుకునే కొన్ని కథలు ఇలాగే పుట్టి ఉంటాయని నా అనుమానం.

12 రోజుల తర్వాత రక్తంలో కోటినిన్ 29. అంటే మారలేదు. అసలు మూలం ఆహారమే అయితే, ఆపిన నాలుగైదు రోజులకే దాదాపు సున్నాకు రావాలి.

ఈ మధ్యలో బృందంలో ఒకరు "నిజం చెప్పండమ్మా, ఎవరికీ చెప్పం" అన్నారు. ఆ తర్వాతి అపాయింట్‌మెంట్‌కు ఆమె రాలేదు. అడిగినవారి ఉద్దేశం చెడ్డది కాదు. కానీ నిజమే చెబుతున్న మనిషిని అలా అడిగితే అంతకు ముందు చెప్పిన మాటలన్నీ అబద్ధాలని తేల్చినట్టు అవుతుంది. ఫోన్ చేసి, క్షమాపణ చెప్పి, తిరిగి రప్పించడానికి వారం పట్టింది.

లెక్క

రక్తంలో కోటినిన్ నిలకడగా ఉన్నప్పుడు దాన్ని 0.08తో గుణిస్తే రోజుకు శరీరంలోకి చేరుతున్న నికోటిన్ మిల్లీగ్రాముల్లో వస్తుంది. ఈ గుణకం మనిషి మనిషికీ కొంత మారుతుంది. నికోటిన్‌నూ కోటినిన్‌నూ విరగ్గొట్టే సీవైపీ2ఏ6 ఎంజైమ్ కొందరిలో నెమ్మదిగా, కొందరిలో చురుగ్గా పనిచేస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో కోటినిన్ పేరుకుంటుంది. అయినా మనకు కావాల్సింది పదుల మైక్రోగ్రాములా, వేల మైక్రోగ్రాములా అన్న తేడా మాత్రమే, దానికి ఈ గుణకం చాలు.

31 ఇంటు 0.08 అంటే రోజుకు సుమారు 2.5 మిల్లీగ్రాములు, అంటే 2,500 మైక్రోగ్రాములు.

ఇప్పుడు ఆమె తిండి వైపు నుంచి రండి. వంకాయకూ టీకీ ఆమె వాదనకు అనుకూలంగా ఉండే పెద్ద అంకెనే తీసుకుందాం. వంకాయ 200 గ్రాములు, గ్రాముకు 100 నానోగ్రాముల చొప్పున 20 మైక్రోగ్రాములు. మిగతా కూరలు 400 గ్రాములు, గ్రాముకు సగటున 10 నానోగ్రాముల చొప్పున 4 మైక్రోగ్రాములు. కిలో టీ ఆకులో 0.6 మిల్లీగ్రాముల నికోటిన్ ఉందనుకుంటే 2 గ్రాముల ఆకుతో చేసిన కప్పులో, మొత్తం నీటిలోకి దిగినా, 1.2 మైక్రోగ్రాములు; పది కప్పులకు 12. అన్నీ కలిపి 36 మైక్రోగ్రాములు. అది మొత్తం కోటినిన్‌గా కనిపించినా రక్తంలో మిల్లీలీటరుకు 0.45 నానోగ్రాములు దాటదు. కనిపించింది 31.

తిరగేసి చూస్తే ఇంకా స్పష్టం. వంకాయతోనే 2,500 మైక్రోగ్రాములు రావాలంటే రోజుకు 25 కిలోలు తినాలి. టీతో రావాలంటే రెండు వేల కప్పులు తాగాలి. గుణకంలో రెండింతల తేడా ఉన్నా 12 కిలోల వంకాయ అవుతుంది, అంతే.

ఈ లెక్కను ఆమె ముందు కాగితం మీద వేశాం. ఆమె దాన్ని తన మీద వాదనగా తీసుకోలేదు. పక్కనే కూర్చుని తానూ లెక్కించి, "అయితే ఇంకెక్కడి నుంచో వస్తోంది" అన్నారు. మొదటిసారిగా ఇద్దరం ఒకే ప్రశ్న వైపు తిరిగాం.

మూలం దొరికిన తీరు

ఇతరుల పొగ పీల్చడం వల్ల ఇంత రాదు. పొగ తాగేవాళ్ల మధ్య ఉండేవారిలో కూడా రక్తంలో కోటినిన్ సాధారణంగా 10 లోపే ఉంటుంది. ఆమె ఇంట్లో ఇప్పుడు పొగ తాగేవారెవరూ లేరు, భర్త ఎనిమిది నెలల క్రితం మానేశారు.

మూత్రంలో అనబసిన్ కొలిపించాం. పొగాకు ఆకులో నికోటిన్‌తో పాటు సహజంగా ఉండే మరో ఆల్కలాయిడ్ (నికోటిన్ లాంటి మొక్కల రసాయనం) అది. మందుల తయారీకి శుద్ధి చేసిన నికోటిన్‌లో దాదాపు ఉండదు. మిల్లీలీటరుకు 2 నానోగ్రాములు దాటితే పొగాకు వాడకం వైపు మొగ్గాలి. ఆమె ఫలితం అంతకంటే తక్కువ. కోటినిన్ ఎక్కువ, అనబసిన్ లేదు: శుద్ధి చేసిన నికోటిన్ ఏదో లోపలికి వెళుతోంది. ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. చాలా ఈ-సిగరెట్ ద్రవాల్లోనూ శుద్ధి చేసిన నికోటినే ఉంటుంది. కాబట్టి అనబసిన్ లేనంత మాత్రాన చూయింగ్ గమ్ అనో ప్యాచ్ అనో తేల్చకూడదు. తక్కువ మోతాదు పొగాకు వాడకం కూడా ఈ హద్దు కింద దాక్కోవచ్చు.

ఆ తర్వాత అడిగిన ప్రశ్న మారింది. 'పొగాకు వాడతారా' అని కాకుండా ఒక్కో వస్తువు పేరు పెట్టి అడిగాం: నికోటిన్ గమ్, చప్పరించే బిళ్ల, ప్యాచ్, స్ప్రే, పెదవి కింద పెట్టుకునే పౌచ్, వేప్ (ఈ-సిగరెట్), పొగాకు కలిసిన పళ్లపొడి. మొదటి పేరు దగ్గరే ఆమె ఆపారు. భర్త పొగ మానడానికి తెచ్చుకున్న 2 మిల్లీగ్రాముల గమ్ డబ్బాలు మిగిలిపోయాయి. నికోటిన్ మెదడుకు మంచిదన్నప్పుడు పారేయడం ఎందుకని ఐదు నెలలుగా రోజుకు మూడు, భోజనం తర్వాత ఒకటి చొప్పున నములుతున్నారు.

ఒక్కో గమ్ నుంచి సుమారు 0.9 మిల్లీగ్రాముల నికోటిన్ శరీరానికి అందుతుంది. మూడింటికి 2.7. మా లెక్క 2.5 అంది.

ఎందుకు ముందు చెప్పలేదు? ఎవరూ అడగలేదు కాబట్టి. ఫారంలో 'పొగాకు వాడకం' అని ఉంది, ఆమె పొగాకు వాడలేదు. 'డాక్టరు రాసిన మందులు' అని ఉంది, ఇది ఎవరూ రాయలేదు. ఆమె మనసులో అది విటమిన్ బిళ్లతో సమానం.

పనిచేసినవి

గమ్ ఆపారు. రోజుకు మూడే కాబట్టి మెల్లగా తగ్గించాల్సిన అవసరం కనబడలేదు. రెండు, మూడు రోజులు చిరాకుగా ఉండొచ్చని ముందే చెప్పాం, అలాగే ఉంది. అదే రోజు నుంచి కూరలు, టీ తిరిగి మొదలుపెట్టించాం. ఇది కావాలని చేసిన పని. ఆహారం ఉండగా కోటినిన్ పడిపోతేనే గమ్ ఒక్కటే కారణమని రుజువవుతుంది.

31 నుంచి 1కి రావడానికి ఐదు సగం-జీవితకాలాలు (ఐదు సార్లు సగానికి పడే వ్యవధి), అంటే దాదాపు నాలుగు రోజులు. నెమ్మదిగా విరగ్గొట్టే శరీరమేమో అన్న అనుమానానికి కొంత వెసులుబాటు ఇచ్చి పదో రోజున రక్తం తీశాం. ఫలితం 1 కంటే తక్కువ, ఆ పరికరం కొలవగల అడుగు హద్దు అదే. రోజూ వంకాయ, క్యాప్సికం, టీ నడుస్తూనే ఉన్నాయి.

పొగతో పోలిస్తే ఒక్క నికోటిన్ గమ్ వల్ల ఎముక అతుకుకు ఎంత నష్టమన్నది మనుషుల్లో అంత తేటగా తేలిన విషయం కాదు. అయినా తన నియమం ప్రకారం సర్జన్ నాలుగు వారాలు ఆగమన్నారు. ఆ వ్యవధి హిమోగ్లోబిన్ పెంచడానికి పనికొచ్చింది. టీలోని పాలీఫినాల్స్ భోజనంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. టీని నాలుగు కప్పులకు తగ్గించి, భోజనానికి కనీసం గంట ఎడంగా తాగమని చెప్పి, ఇనుము మాత్రలు ఇచ్చాం.

భయం మిగిలే ఉంది

గమ్ ఆపించినంత మాత్రాన తండ్రిని చూసిన భయం పోదు. దానికి సూటిగా జవాబు చెప్పకపోతే ఆమె మరో డబ్బా తెచ్చుకునేవారు.

క్యాప్సికం మాట 2013లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో చేసిన అధ్యయనం నుంచి వచ్చింది. కొత్తగా పార్కిన్సన్స్ నిర్ధారణ అయిన 490 మందిని, ఆ జబ్బు లేని 644 మందిని తిండి అలవాట్లు అడిగి పోల్చారు. క్యాప్సికం జాతి కూరలను వారానికి రెండు నుంచి నాలుగు సార్లు తినేవారిలో జబ్బు సుమారు 30 శాతం తక్కువగా కనిపించింది. పొగాకు దాదాపు వాడనివారిలోనే ఈ సంబంధం బలంగా ఉంది. ఆసక్తి కలిగించే ఫలితమే. కానీ పార్కిన్సన్స్‌లో వణుకు మొదలవడానికి ఏళ్ల ముందే వాసన తెలియడం తగ్గుతుంది, మలబద్ధకం వస్తుంది. వాసన తగ్గిన మనిషి ఘాటైన కూరలు మానేసి ఉండొచ్చు. అప్పుడు కూర తినకపోవడం జబ్బుకు కారణం కాదు, దాని తొలి ఫలితం. జబ్బు వచ్చాక పాత తిండిని గుర్తు చేసుకోమనడంలోనూ పొరపాట్లు దొర్లుతాయి.

ఇక మోతాదు. రక్తంలో మిల్లీలీటరుకు 0.87 నానోగ్రాముల నికోటిన్ ఉంటే మెదడులోని ముఖ్యమైన నికోటిన్ గ్రాహకాల్లో (నికోటిన్ అతుక్కుని పనిచేసే చోట్లలో) సగం నిండుతాయని స్కాన్ అధ్యయనంలో తేలింది. సిగరెట్ ఒకటి రెండు దమ్ములకే అది జరుగుతుంది. మింగిన నికోటిన్‌లో అధిక భాగం కాలేయం దాటకముందే విరిగిపోతుంది కాబట్టి, ఆమె తిండి ద్వారా రక్తంలో నిలిచేది 0.008 దగ్గర, అంటే దానికి వంద రెట్లు తక్కువ. సగటు ఆహారంతో అయితే వేల రెట్లు తక్కువ. క్యాప్సికంలో నిజంగా రక్షణ ఉంటే అది నికోటిన్ కాక మరొకటై ఉండే అవకాశమే ఎక్కువని నా అభిప్రాయం. టీ విషయంలోనూ అంతే, అక్కడ కెఫీన్ ఉంది. పొగ విషయానికొస్తే, పొగ తాగేవారి మెదడులో డోపమైన్‌ను (పార్కిన్సన్స్‌లో తగ్గిపోయే రసాయనాన్ని) విరగ్గొట్టే ఎంఏఓ-బీ ఎంజైమ్ తగ్గుతుంది, ఆ పని చేసేది నికోటిన్ కాదు, పొగలోని ఇతర పదార్థాలు.

నేరుగా నికోటిన్‌నే ఇచ్చి చూసిన పరీక్ష కూడా జరిగింది. తొలిదశ పార్కిన్సన్స్ ఉన్న 160 మందికి పైగా రోగుల్లో కొందరికి నికోటిన్ ప్యాచ్, కొందరికి ఉత్తుత్తి ప్యాచ్ ఏడాది పాటు ఇచ్చారు. 2023లో ఫలితం వచ్చింది. నికోటిన్ జబ్బును నెమ్మదింపజేయలేదు. జబ్బు వచ్చినవారిలో నెమ్మదించకపోవడం, రానివారిలో రాకుండా ఆపకపోవడం ఒకటి కాదు; అది ఆమెకు దాచకుండా చెప్పాం. అయితే గమ్ నమలడానికి ఆధారం లేదన్నది మాత్రం మిగిలింది.

ఈ సంభాషణలోనే మరో ప్రమాదం బయటపడింది. తొక్కలో నికోటిన్ ఎక్కువనుకుని ఆమె పచ్చబారిన బంగాళదుంపలను కూడా తొక్కతోనే వండుతున్నారు. అప్పుడప్పుడు వికారం, కడుపునొప్పి వచ్చేవి. పచ్చబారిన దుంపలో సొలనిన్, చాకోనిన్ అనే విషాలు పెరుగుతాయి. కిలో దుంపలో ఇవి 200 మిల్లీగ్రాములు దాటకూడదని వాడుకలో ఉన్న హద్దు. కిలో శరీర బరువుకు 1 మిల్లీగ్రాము నుంచే లక్షణాలు కనిపించవచ్చు. కిలో దుంపలో నికోటిన్ మహా అయితే పదుల మైక్రోగ్రాముల్లో ఉంటే ఇవి వందల మిల్లీగ్రాముల్లో ఉండవచ్చు. వెతుక్కుంటున్న దానికంటే పది వేల రెట్లు ఎక్కువగా వెతకనిది తింటున్నారన్నమాట. పచ్చబారినవి, మొలకలు వచ్చినవి పారేయమన్నాం. మామూలు దుంప, వంకాయ, క్యాప్సికం హాయిగా తినమన్నాం. పీచు కోసం, విటమిన్ల కోసం అవి మంచివే. ఆహారంలో నికోటిన్‌కు యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో పెట్టిన హద్దు కిలో శరీర బరువుకు రోజుకు 0.8 మైక్రోగ్రాములు. ఆమె బరువుకు అది 46. పెద్ద అంకెలతో కట్టిన ఆమె 36 కూడా దాని లోపే ఉంది.

నేర్చుకున్నవి, మార్చుకున్నవి

ఇమ్యునోఎస్సే పాజిటివ్ వచ్చి, రోగి కాదంటే ఇప్పుడు అదే పరీక్ష తిరిగి చేయడం లేదు. నేరుగా రక్తంలో పరిమాణం కొలిపిస్తాం. ఫలితం రాగానే 0.08తో గుణించి రోజు మోతాదును షీటు మీద రాస్తాం. మిల్లీగ్రాముల్లో వస్తే తిండి గురించి ఇక వెతకనక్కర్లేదు. మిల్లీలీటరుకు 1 కంటే తక్కువగా వచ్చి, ల్యాబ్ అంత సున్నితంగా కొలవగలిగితే, అప్పుడే ఆహారం, ఇతరుల పొగ చర్చకు వస్తాయి. 3 నుంచి 10 మధ్య వచ్చేవి అన్నిటికంటే కష్టమైనవి: అప్పుడప్పుడూ వాడేవారు, గాలి ఆడని గదిలో పొగ పీల్చేవారు ఇద్దరూ అక్కడే కలుస్తారు. వాటికి అనబసిన్, ఇంటి వాతావరణం, వారం తర్వాత మరో కొలత కలిపి చూడాలి.

లెక్క వేయకుండా ఆహారం ఆపించడం మానేశాం. ఎప్పుడైనా ఆపించాల్సి వస్తే, మిగతావన్నీ యథాతథంగా ఉంచమని, మింగేవి, నమిలేవి, అతికించుకునేవి ఏవీ మార్చొద్దని రాసిస్తాం.

ఫారంలో 'పొగాకు వాడకం' గడి పక్కన కొత్త వరుస చేరింది: "గత పది రోజుల్లో మీరు గానీ, మీ ఇంట్లో వారు గానీ నికోటిన్ ఉన్న గమ్, బిళ్ల, ప్యాచ్, స్ప్రే, పౌచ్, వేప్ వాడారా? ఎవరూ రాయకుండా మీ అంతట మీరు వాడుతున్నవి కూడా రాయండి. ఎందుకు వాడుతున్నారో రాయండి." ఆ చివరి వాక్యాన్ని చేర్చమన్నది ఆమే.